గోరంత ఆకుపచ్చ

ఫాల్‌షోపింగ్ ఊరి నాటకశాల మూతపడ్డ ఏడాది మైలిస్‌కి ముప్పై నాలుగేళ్లు. చేతిలో ఉన్న విద్య ఒక్కటే, ముఖాలకు రంగులు వేయడం. రాజులకు వేసింది, ముసలమ్మలకు వేసింది, దెయ్యాలకూ వేసింది. ఈ విద్య ఇంక ఎవరికి కావాలి అని దిగులుపడుతున్న రోజుల్లో ఊరి పేపర్లో చిన్న ప్రకటన కనబడింది. ఊరికి అవతల, అడవి అంచున కొత్తగా కట్టిన కార్ల పరీక్షశాలలో బొమ్మలకు బట్టలు కుట్టి, ముఖాలకు రంగు పూసే మనిషి కావాలట. ఎవడో వేళాకోళానికి వేశాడనుకుంది. అయినా వెళ్లింది. వెళ్లిన మనిషి ముప్పై ఒక్క ఏళ్లు అక్కడే ఉండిపోయింది.

ఆ బొమ్మలు పిల్లలు ఆడుకునేవి కావు. ఇనుప ఎముకలు, రబ్బరు చర్మం, కడుపు నిండా తీగలు. వాటిని కొత్త కారులో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, కారును తీసుకెళ్లి గోడకేసి కొడతారు. మెడ మీద ఎంత బరువు పడింది, రొమ్ము ఎంత లోపలికి పోయింది, ఇవన్నీ తీగలు చెబుతాయి. తీగలు చెప్పలేనిది ఒకటుంది. తల వెళ్లి దేనికి తగిలింది? అందుకే రంగు. నుదుటికి నీలం, ముక్కుకు ఎరుపు, గడ్డానికి ఆకుపచ్చ, మోకాళ్లకు పసుపు. గుద్దుడు అయిపోయాక కారు లోపల ఏ రంగు ఎక్కడ అంటుకుందో చూస్తే, ఆ బొమ్మ ఎక్కడెక్కడ దెబ్బతిన్నదో తెలిసిపోతుంది.

కారు కొనే జనానికి ఇదంతా పట్టదు. వాళ్లకు తెలిసినవి నక్షత్రాలు. అయిదు నక్షత్రాలొస్తే మంచి బండి, మూడొస్తే ఆలోచించాలి, అంతే. ఆ నక్షత్రాలు ఆకాశంలోంచి ఊడిపడినట్టు మాట్లాడతారు. మైలిస్ లాంటి మనిషి టార్చిలైటు పట్టుకుని, నుజ్జయిపోయిన కారులో నడుము పట్టేసేదాకా వంగి మరకలు వెతికితే వస్తాయవి. ఆమె "ఇది మోకాలు" అంటే మోకాలే. "ఇది ముక్కు" అంటే ముక్కే. ఇన్నేళ్లలో ఎవరూ రెండోసారి అడగలేదు. దానికి ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది. ఉంటే తప్పేముంది లెండి.

అన్ని బొమ్మల్లోకీ ఆమెకు ముద్దు ఆస్తా. ఆ పేరు పెట్టింది ఆమే. అయిదడుగులు కూడా లేని చిన్న ఆడమనిషి బొమ్మ. చాలా ఏళ్లపాటు ఈ పరీక్షల్లో డ్రైవరు సీట్లో కూర్చున్నది ఎప్పుడూ మగబొమ్మే. దేశంలో సగంమంది డ్రైవర్లు ఆడవాళ్లని నిబంధనలు రాసేవాళ్లకు ఆలస్యంగా గుర్తొచ్చింది. గుర్తొచ్చాక ఆస్తా వచ్చింది. పెట్టెలోంచి దాన్ని బయటికి తీసిన రోజున మైలిస్ దాని తల ఎత్తు తన భుజంతో కొలుచుకుంది. ఏమిటని ఎవరో అడిగితే, "అచ్చం మా అమ్మ ఎత్తే," అంది.

వాళ్లమ్మ హిల్మా పల్లెటూళ్ల పిల్లల్ని బడికి తీసుకెళ్లే టాక్సీ నడిపేది. పొట్టి మనిషి కావడంతో కాళ్లు అందక, వీపు వెనక ఒక దిండు పెట్టుకునేది. పంతొమ్మిది వందల డెబ్బై ఒకటిలో కొత్త కారు కొంది. "హిల్మా, దేశం మొత్తం వెతుక్కో, ఇంతకంటే భద్రమైన బండి దొరకదు," అన్నాడు అమ్మినాయన. ఆ శీతాకాలమే మంచు మీద జారి కారు వెళ్లి ఒక బిర్చి చెట్టును గుద్దింది. పెద్ద వేగం కూడా కాదు. పిల్లల్ని దింపేసి ఒంటరిగా వస్తోంది కాబట్టి సరిపోయింది. గడ్డం వెళ్లి స్టీరింగ్ అంచుకు కొట్టుకుని దవడ రెండు చోట్ల విరిగింది. అతికింది కానీ వంకరగా అతికింది. పదకొండేళ్ల మైలిస్ ఆరువారాలు వాళ్లమ్మకు గొట్టంతో జావ తాగించింది. హిల్మా మాటలు కూడబలుక్కోగలిగాక అన్న మొదటి పెద్ద వాక్యం ఇది: "అమ్మినాయన నోరు శుభ్రంగానే ఉందే. కొన్నదాని నోరే వంకరపోయింది."

మైలిస్ గడ్డానికి రంగు పూసేటప్పుడు మిగతా చోట్లకంటే ఒక పూత ఎక్కువ వేస్తుందని పరీక్షశాలలో అందరికీ తెలుసు. ఎందుకని మాత్రం అడగరు.

ఈ సంగతి జరిగింది ఏప్రిల్‌లో, హార్న్‌బోర్యా చెరువుకు కొంగలు దిగే వారంలో. మైలిస్ పదవీ విరమణకు ఇంకా రెండు వారాలుంది. అదే ఆమె ఆఖరి కారు. చిన్న కుటుంబాల కోసం తయారైన కొత్త రకం బండి. తయారీ కంపెనీ తరఫున ఆర్విడ్ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, తన కాఫీ కప్పు తనే సంచిలో తెచ్చుకునే మనిషి. ఆ కారు స్టీరింగులోంచి ఉబ్బి వచ్చే ఎయిర్‌బ్యాగ్ అతని చేతిపని. నాలుగేళ్లు దాని మీదే ఉన్నాడు. మిగతా పరీక్షలన్నీ అయిపోయాయి. ఈ ఒక్కటీ బాగా జరిగితే అయిదో నక్షత్రం వచ్చినట్టే.

అక్కడ పని వరసకు ఒక పద్ధతి ఉంది. ముందు బొమ్మ చేతులు స్టీరింగ్ మీద సర్దాలి. తరువాత రంగు వేయాలి. ఆఖరున ఫొటోలు తీయాలి. ఫొటో అయ్యాక ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఎందుకంటే పరీక్షకు ముందు స్టీరింగ్ మీద మరక లేదని చెప్పే సాక్ష్యం ఆ ఫొటోయే. పుస్తకంలో రాసి ఉంది, గోడ మీద అంటించి ఉంది. కానీ పుస్తకంలో రాయనిదీ, గోడ మీద అంటించనిదీ, దానికంటే గట్టిదీ ఇంకో పద్ధతి ఉంది. తొమ్మిదిన్నర కాఫీ. గోడ కూలినా సరే, తొమ్మిదిన్నరకు అందరూ బల్ల చుట్టూ కూర్చోవాలి. రాని మనిషికి ఒంట్లో బాగాలేదేమోనని అడుగుతారు.

ఆ రోజు మామూలు కాఫీ కూడా కాదు. ఫొటోలు తీసే స్టెల్లన్‌కు యాభై ఏళ్లు నిండాయి. ఆకుపచ్చ బాదంముద్ద కప్పిన పెద్ద కేకు తెచ్చాడు. అందుకని కాఫీ తొమ్మిదికే పెట్టారు.

"మైలిస్, ముందు ఫొటోలు కానిచ్చేస్తాను. లోపల క్రీమ్ కరిగిపోతోంది," అన్నాడు స్టెల్లన్ కెమెరా పట్టుకుని.

"ఇంకా రంగు వెయ్యలేదు కదయ్యా."

"రంగు ఆస్తాకి కదా, స్టీరింగుకి కాదు కదా. ఫొటో స్టీరింగుది."

"యాభై వచ్చినా నీకు తొందర పోలేదు. కానియ్."

అలా ఫొటో ముందయింది, కేకు తరువాతయింది, రంగు ఆఖరున పడింది. కేకు తిని వచ్చాక మైలిస్ తీరిగ్గా నీలం, ఎరుపు, ఆకుపచ్చ పూసింది. గడ్డానికి రెండో పూత వేస్తుంటే ఆస్తా ఎడమ చెయ్యి స్టీరింగ్ మీదినుంచి జారింది. పైకి తోసి సర్దింది. ఆ తోసిన చెయ్యి తుడుచుకుని తోసిందా, తుడుచుకోకుండా తోసిందా అన్నది అప్పుడెవరికి కావాలి. పదిన్నరకు కారు వెళ్లి గోడను గుద్దింది.

అద్దం ముక్కలు ఊడ్చి, తలుపు తెరిచాక మైలిస్ టార్చిలైటుతో లోపలికి వంగింది. ఆర్విడ్ ఆమె భుజం వెనకే ఉన్నాడు. ఎయిర్‌బ్యాగ్ మీద నీలం, ఎరుపు, ఆకుపచ్చ, ఎక్కడ ఉండాలో అక్కడే ముద్దుగా పడ్డాయి. ఆర్విడ్ ఊపిరి వదిలాడు. మైలిస్ గాలి తగ్గిన ఆ ఎయిర్‌బ్యాగ్ సంచిని పైకెత్తి దాని వెనక స్టీరింగ్ అంచు మీద లైటు వేసింది. పై అంచున, ఎడమ వైపు, లోపలి పక్క, గోరంత ఆకుపచ్చ మరక.

ఆమె లైటు అక్కడే ఆపింది. వెనక ఆర్విడ్ ఇంకాస్త ముందుకు వంగాడు.

సంచి పక్కకు జారి గడ్డం వెళ్లి అంచుకు గీసుకుంటే అలాంటి మరకే పడుతుంది. అదే అయితే మార్కులు కోతపడతాయి, అయిదో నక్షత్రం పోతుంది. రంగు అంటిన బొటనవేలితో బొమ్మ చెయ్యి సర్దినా అలాంటి మరకే పడుతుంది. అదే అయితే ఏమీ కాదు.

"నా కేకేమో చూడండి," అన్నాడు స్టెల్లన్. నవ్విద్దామని అన్నాడు, ఎవరూ నవ్వలేదు. మైలిస్ మాత్రం మరక అంచును పల్చటి కాగితంతో అద్ది వెలుతురుకు పట్టింది. కాగితం మీద నూనె చుక్క మెరిసింది. కేకు కాదు, ఆమె రంగే.

తీగల లెక్క చూశారు. గీత ఒకచోట కాస్త పైకి లేచింది, తగిలి ఉండొచ్చు, తగలకపోయి ఉండొచ్చు. గుద్దేటప్పుడు తీసిన సినిమా వేసి చూశారు. సరిగ్గా ఆ క్షణాన సంచి అడ్డం వచ్చింది. ముందు తీసిన ఫొటోలో స్టీరింగ్ తళతళలాడుతూ ఉంది, కానీ అది రంగు డబ్బా మూత తీయకముందు సంగతి. చివరికి అందరూ మైలిస్ వైపు చూశారు.

పరీక్షశాల పెద్ద సోల్వే కాగితం తీసింది. అందులో ప్రశ్న ఒక్కటే: తల గట్టి భాగానికి తగిలిందా? పక్కన రెండు గళ్లు, అవును, కాదు.

"చెప్పు మైలిస్," అంది సోల్వే మెల్లగా. "నీ వేలే అయ్యుంటుంది కదా."

అలా అనడంలో ఎంత దయ ఉందో మైలిస్‌కు తెలుసు. ఒక్క మాట. నా వేలే అంటే చాలు. ఆఖరి కారు, చిన్న పొరపాటు, రెండు వారాల్లో ఇంటికి. ఎవరూ ఏమీ అనరు. కానీ ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

"రేపు పొద్దున చెబుతాను," అంది.

ఆర్విడ్ ఆమె కారుదాకా వెంట వచ్చాడు. బతిమాలడం చేతకాని మనిషి, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"నేనీ పని మొదలుపెట్టినప్పుడు మా అమ్మాయి పుట్టలేదు. ఇప్పుడు సైకిలు తొక్కుతోంది," అన్నాడు.

"నీకేమనిపిస్తోంది ఆర్విడ్? వేలా, గడ్డమా?"

అతను బూటు కొనతో నేల గీరాడు. "వేలే అని అనిపించాలని ఉంది," అన్నాడు.

మైలిస్‌కు ఆ మాటకు అతని మీద జాలేసింది. తన మీద ఇంకా ఎక్కువ జాలేసింది. తనకూ అలాగే ఉంది మరి.

సాయంత్రం నాలుగింటికి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది. హిల్మాకు ఎనభై ఏడేళ్లు. వృద్ధాశ్రమంలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని నేరేడురంగు బెర్రీ జావ తాగుతోంది, ఎడమ పక్క నుంచి, ఎప్పటిలాగే.

"ఏమే, ముఖం అలా ఉంది? ఉద్యోగం అయిపోతోందని ఏడుపా?"

"కాదమ్మా. ఆ కారు అమ్మినాయన గుర్తున్నాడా నీకు?"

"గుర్తు లేకపోవడమేమిటి. ముద్ద మింగినప్పుడల్లా గుర్తొస్తాడు."

"తరువాత కనబడ్డాడా ఎప్పుడైనా?"

"ఆస్పత్రికొచ్చాడు, పూలు పట్టుకుని. ఏడ్చాడు కూడా పాపం. చెడ్డవాడు కాదే. 'హిల్మా, నాకు నిజంగా తెలియదు' అన్నాడు." హిల్మా చెంచా గిన్నెలో పెట్టింది. "నా నోటికి తీగలు చుట్టి ఉన్నాయి, జవాబు చెప్పలేకపోయాను. లేకపోతే చెప్పేదాన్ని. ఆ తెలియదన్న మాట దుకాణంలో అని ఉంటే నీ సొమ్మేం పోయేదయ్యా అని. అప్పుడు నేను కాస్త మెల్లగానైనా నడిపేదాన్ని కదా."

మైలిస్ తువ్వాలుతో వాళ్లమ్మ గడ్డం తుడిచింది. వంకర చోట కాస్త ఎక్కువసేపు తుడిచింది.

"పోనీయవే, చర్మం ఊడొస్తుంది," అంది హిల్మా.

మర్నాడు కాఫీ బల్ల దగ్గర అందరూ ఉండగానే మైలిస్ కాగితం ముందుకు జరిపింది. అవును గడి ఖాళీ, కాదు గడి ఖాళీ. రెండింటి పక్కన ఖాళీ జాగాలో గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "తెలియదు. రంగు వేశాక ఫొటో తీయలేదు. వేశాక నేను బొమ్మ చెయ్యి ముట్టుకున్నాను. తప్పు నాది."

సోల్వే కాగితం తన వైపు తిప్పుకుని చదివింది.

"అలాంటి గడి లేదు మైలిస్," అంది సోల్వే.

"లేదు కాబట్టే పక్కన రాశాను."

"తెలియదంటే పరీక్ష రద్దవుతుంది. ఇంకో కారు తెప్పించాలి. అన్నీ మొదటికొస్తాయి."

"తెలుసు."

ఆర్విడ్ ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు, అక్కడి మనుషులు పెంచరు. "ముప్పై ఒక్క ఏళ్లుగా చూస్తున్న మనిషివి. గడ్డానికీ వేలికీ తేడా తెలియదంటే ఎవరు నమ్ముతారు?"

"ఇన్నేళ్లుగా చూస్తున్నాను కాబట్టే తెలియనప్పుడు తెలుస్తుంది నాకు," అంది మైలిస్. కప్పు కింద పెట్టింది. "కొనేవాళ్లు మన మాట చూసి పిల్లల్ని ఎక్కిస్తారు ఆర్విడ్. నాకు అనిపించాలని ఉన్నదాన్ని నేను రాయలేను."

"తప్పు నాది కూడా. ఫొటో ముందు తీస్తానన్నది నేనే," అన్నాడు స్టెల్లన్.

"నీది కేకు మాత్రమే. ఊరుకో."

అంతటితో ఆగి ఉంటే బాగుండేదేమో. కానీ ఆమె లోపల రాత్రంతా నలిగిన మాట ఇంకొకటి ఉంది, అదీ వచ్చేసింది. "ఇంకోటి కూడా. ఆస్తా లాంటి పొట్టి ఆడవాళ్లు వీపు వెనక దిండు పెట్టుకుని నడుపుతారు. మా అమ్మ అలాగే నడిపింది. మన పరీక్షలో దిండు ఎక్కడుంది?"

"దిండుకి నిబంధన లేదు," అన్నాడు ఆర్విడ్.

"గడ్డం వెళ్లి తగిలేటప్పుడు నిబంధన చదువుకుని తగలదు."

ఆర్విడ్ కప్పు కడిగి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. కాఫీ సగం మిగిల్చాడు. ఆ ఊళ్లో అంతకంటే పెద్ద కోపం ఉండదు.

రెండో కారు రావడానికి నాలుగు వారాలు పట్టింది. ఈలోపల మైలిస్ ఉద్యోగం ముగిసింది. వీడ్కోలు కేకు వద్దంది. ఆ ఒక్క రోజుకు పిలవండి, నేను మొదలుపెట్టింది నేనే పూర్తిచేస్తాను అని సోల్వేను అడిగింది. ఇంట్లో కూర్చున్న ఆ రోజులు బాగా గడవలేదు. రొట్టె మీద వెన్న రాస్తున్నా బొటనవేలు వైపే చూపు పోయేది. గడ్డమే అయితే ఒక మనిషి నాలుగేళ్ల కష్టం మట్టిలో కలుస్తుంది. వేలే అయితే ఒక కొత్త కారును ఊరికే గోడకేసి కొట్టించిన ముసలిదని పేరొస్తుంది. రెంట్లో ఏది జరిగితే బాగుంటుందో ఆమెకే తేలలేదు.

మే నెలలో, కొంగలన్నీ ఉత్తరానికి వెళ్లిపోయాక, మళ్లీ ఆస్తాను కూర్చోబెట్టారు. చేతులు సర్దింది, రంగు వేసింది, చేతులు తుడుచుకుంది, సబ్బుతో కడుక్కుంది. అప్పుడు స్టెల్లన్ ఫొటోలు తీశాడు. ఆ తరువాత తలుపు మూసి, సందు మీద కాగితం అంటించి అందరూ సంతకాలు పెట్టారు. ఆ రోజు కాఫీ పదకొండింటికి అయింది. పరీక్షశాల చరిత్రలో అది మొదటిసారని చెప్పుకున్నారు.

గుద్దుడు అయ్యాక మైలిస్ వంగింది. సంచి మీద నీలం, ఎరుపు, ఆకుపచ్చ. సంచి ఎత్తింది. స్టీరింగ్ అంచు చుట్టూ మెల్లగా లైటు తిప్పింది. ఒకసారి తిప్పింది, రెండుసార్లు తిప్పింది. వేలితో నిమిరి కాగితానికి రాసి చూసింది. ఎక్కడా ఏమీ లేదు.

"ఏమీ లేదు," అంది లేచి నిలబడి. "అప్పుడు పడింది నా బొటనవేలు." అందరికీ వినబడేలా చెప్పి, కాదు గడిలో గీత పెట్టి, కింద సంతకం చేసింది.

సోల్వే ఆమె వీపు మీద చెయ్యి వేసింది. స్టెల్లన్ కుర్చీ లాగి పెట్టాడు. ఎవరైనా ఎత్తిపొడిచి ఉంటే తేలికపడేది, ఆ మంచితనమే ఆమెకు భరించరానిదిగా ఉంది. వద్దన్న కేకు బల్ల మీద ఉంది. ముక్క కోశారు గానీ గొంతు దిగలేదు. ఆఖరి పని ఇలా ముగిసిందని లోపల ఏడ్చింది. ఆర్విడ్ ఎదురుగా కూర్చున్నాడు. అయిదో నక్షత్రం వచ్చిన మనిషి ముఖంలా లేదది.

అతను సంచిలోంచి తన కప్పు తీశాడు. తరువాత ఒక దిండు తీసి బల్ల మీద పెట్టాడు. నీలం గళ్ల గలేబు, వీధి దుకాణంలో దొరికే రకం, నలిగి ఉంది.

"ఇది నీకు," అన్నాడు.

"ఏమిటిది?"

"ఆ రోజు నీ మీద మండిపడుతూ ఇంటికెళ్లాను. మా ఆవిడ అప్పుడే పని నుంచి వచ్చి కారు దిగుతోంది. తనది నీ ఆస్తా ఎత్తే. దిగాక సీటు మీద దిండు కనబడింది. రెండేళ్లుగా ఉందట. నేను నడిపినప్పుడల్లా దాన్ని తీసి వెనక సీట్లో పడేస్తున్నాను మైలిస్. రోజూ నా చేత్తోనే." అతను దిండు గలేబు సవరించాడు. "నాలుగేళ్లు ఆ సంచి కుట్టాను, నా పెళ్లాం ఎలా కూర్చుంటుందో చూడలేదు."

మైలిస్ కేకు పళ్లెం పక్కకు జరిపింది.

"మర్నాడే మా దగ్గరున్న బొమ్మ వీపు వెనక దిండు పెట్టి గుద్దించాను. గడ్డం వెళ్లి అంచుకు తగిలింది. మళ్లీ చేశాం, మళ్లీ తగిలింది. నీలాగే ఆకుపచ్చ పూశాం. నువ్వు చూపించిన చోటికి బెత్తెడు పక్కన."

బల్ల చుట్టూ అందరూ తినడం ఆపారు.

"మరిప్పుడు?" అంది మైలిస్.

"సంచి కుట్టు మారుస్తున్నాం. అమ్మకానికి వచ్చే బండ్లన్నిటికీ కొత్తదే. దాన్నీ ఇక్కడికే తెచ్చి గుద్దిస్తాం, నిబంధన ప్రకారం."

"నక్షత్రాలో?"

"పాతదానికి అయిదే. కొత్తదానికీ అయిదే వస్తాయి. దిండు సంగతి ఎక్కడా రాయరు, రాసే గడి లేదు," అన్నాడు ఆర్విడ్. "నువ్వు ఆ రోజు వేలే అని ఉంటే మా ఆవిడకు ఆ కారే కొనేవాణ్ణి. పాత కుట్టుతో."

మైలిస్ కళ్లు తుడుచుకుని దిండు చేతిలోకి తీసుకుంది. గలేబు మూల మీద ఆకుపచ్చ ముద్ర ఒకటి ఉంది, స్పష్టంగా, గీతలతో సహా.

"ఇదెవరి బొటనవేలు?"

"నాదే," అన్నాడు ఆర్విడ్. "నేనే రంగు వేశాను. చెయ్యి తుడుచుకోవడం మరచిపోయాను."

అప్పుడు నవ్వింది మైలిస్. అందరూ నవ్వారు. స్టెల్లన్ ఇంకో ముక్క కోసి ఆమె పళ్లెంలో పెట్టాడు, ఈసారి తినగలిగింది.

ఆ సాయంత్రం దిండు తీసుకుని వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది. హిల్మా దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"మరక పడ్డ దిండు తెచ్చావేమే నాకు?"

మైలిస్ కుర్చీ పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. వేలు సంగతి కూడా దాచలేదు. హిల్మా మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు, అలా ఊరుకోవడం ఆమె స్వభావం కాదు. చెప్పడం అయ్యాక హిల్మా చెయ్యి తనంతట తానే దవడ మీదికి పోయింది. యాభై నాలుగేళ్లనాటి ఆ వంకర చోట వేళ్లు పెట్టుకుని కిటికీలోంచి కార్లు నిలిపే చోటు వైపు చూస్తూ ఉండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

కాసేపటికి ముందుకు జరిగి, దిండు వీపు వెనక పెట్టుకుని, ఎదుట స్టీరింగ్ ఉన్నట్టు రెండు చేతులూ చాచి చూసింది.

"పల్చగా ఉందే ఇది," అంది. "నాది దీనికి రెండింతలు ఉండేది. అంత మందం పెట్టి కూడా గుద్ది చూశాడా ఆ అబ్బాయి?"

మైలిస్ ఫోను తీసి ఆర్విడ్ నంబరు నొక్కింది.